జల్లించిన నేల

రాయిస్ పోయిన తొమ్మిదో రోజున అతని భార్య మార్లా మా ఇంటికి వచ్చింది. చేతిలో గోధుమరంగు కవరు ఉంది. పొద్దున పదింటికే తలుపు పిడి చెయ్యి కాలేంత వేడెక్కిపోయింది. లోపలికి రమ్మంటే వచ్చింది గాని కూర్చోలేదు. కవరులోంచి రెండు కాగితాలు తీసి వంటింటి బల్ల మీద నా కళ్ళజోడు పక్కన పెట్టి, చదవమంది.

కెప్టెన్ రాయిస్ టాల్‌బట్ జూలై పదో తేదీ మంగళవారం నాడు మామూలు సాధనలో భాగంగా ఒక పాత ఫైటర్ విమానం నడుపుతూ, స్పెన్సర్ లోయలో కొండని ఢీకొని మరణించాడని అందులో ఉంది. విమానం మోడల్ నంబరు కూడా రాశారు. వచ్చే సోమవారం ఎయిర్‌ఫోర్స్ బేస్ నుంచి ఒక మేజర్ వస్తాడట. జరిగింది తనకు వివరించారని, తను ఒప్పుకున్నానని మార్లా సంతకం చెయ్యాలట.

"ఈ విమానం వదిలేసి ఆరేళ్ళయిందని నాతో చెప్పాడు," అంది మార్లా. "ఇప్పుడు కొత్తది నడుపుతున్నాను, దాని గురించి మాత్రం అడక్కు, అడిగితే నీతో అబద్ధమాడాల్సి వస్తుంది అన్నాడు. రెండేళ్ళూ నేను అడగలేదు. ఇప్పుడు చెప్పండి ఆర్డిస్, అబద్ధం ఎవరిది? వీళ్ళదా, అతనిదా?"

ఆ ప్రశ్న వెనక ఏముందో మా వీధిలో అందరికీ తెలుసు. రాయిస్ సోమవారం తెల్లారగానే వెళ్ళేవాడు, శుక్రవారం సాయంత్రం వచ్చేవాడు. ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పేవాడు కాదు, ఫోను నంబరు ఇచ్చేవాడు కాదు. వచ్చాక శనివారం మధ్యాహ్నం దాకా కిటికీలకు దుప్పట్లు కట్టుకుని నిద్రపోయేవాడు. వారానికి నాలుగు రాత్రులు మేలుకునే ఉద్యోగం ఏమిటో అని ఆడవాళ్ళు కూరగాయల దుకాణంలో నవ్వుకునేవారు. రాష్ట్ర సరిహద్దు దాటితే నెవాడాలో విమానాలే కాదు, జూదం ఇళ్ళూ సానికొంపలూ కూడా ఉంటాయని ఒకావిడ మార్లా ఎదుటే అంది. అప్పుడు మార్లా కూడా నవ్వింది. ఇప్పుడు ఈ కాగితం ఆ నవ్వుని లాక్కుంది. కొత్త విమానమే లేకపోతే ఆ నాలుగు రాత్రులూ ఎక్కడున్నట్టు? మొగుడు పోయినందుకు ఏడవాలో, మోసపోయినందుకు ఏడవాలో తెలియక ఆ పిల్ల తొమ్మిది రోజులుగా ఏడవకుండా ఉండిపోయింది.

నాకు అప్పుడు అరవై ఆరేళ్ళు. స్వతహాగా భయస్తురాలిని. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకుంటాను. ఎవరైనా ఊరెళ్తుంటే వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా నిలబడలేను, లోపలికి వచ్చేస్తాను. కానీ ఒక్క విషయంలో నాకు భయం లేదు. నలభై మూడు నుంచి ఎనభై రెండు దాకా విమానాల ఫ్యాక్టరీలో రేకుల్ని కలిపే రివెట్లు కొట్టాను. నా చదువు ఎనిమిదో తరగతితోనే ఆగింది. విమానాల నక్షాలు చదవడం లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ కాగితంలో ఉన్న పాత ఫైటర్ని యాభైల్లో మా ఫ్యాక్టరీలో, మా వరసలోనే కట్టాం. దాని రెక్క కళ్ళు మూసుకుని తడిమి కూడా పోల్చుకోగలను.

చివరి నాలుగేళ్ళు నన్ను కిటికీలు లేని షెడ్డులోకి మార్చారు. అక్కడ ఏం చేశామో ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. అక్కడ పక్క గదిలో ఏం తయారవుతుందో ఈ గదివాళ్ళకి తెలియనిచ్చేవారు కాదు. నా చేతికొచ్చిన రేకులు గుండ్రంగా ఉండాల్సిన చోట బల్లపరుపుగా ఉండేవి, అంతే నాకు తెలిసింది. ఇప్పుడు ఆ షెడ్డులో కట్టిన, రాడార్‌కి చిక్కని విమానాన్ని బయటపెట్టి టీవీలో అందరికీ చూపించారు కాబట్టి ఈ మాత్రం రాస్తున్నాను. ఆ రోజు మార్లాతో ఇది కూడా అనలేదు.

కాగితాలు మడిచి ఇచ్చేశాను. నా మొదటి ఆలోచన, నాకెందుకు వచ్చిన గొడవ అనే. కానీ నా మొగుడు నలభై నాలుగులో జర్మనీ మీదికి బాంబర్లో వెళ్ళాడు. తంతిలో 'ఆచూకీ లేదు' అని వచ్చింది. ఎక్కడ పడ్డాడో, ఎలా పడ్డాడో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల బల్లకి ఆనుకుని నిలబడిన తీరు చూస్తే నోరు మూసుకుని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"ఆ లోయ నేను చూడాలి," అన్నాను. "అక్కడ పడున్న ముక్కలు చూస్తే అది ఏ విమానమో చెప్తాను."

కాపలావాళ్ళు లోయ దారి తెరిచి మూడు రోజులైందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. వారం పాటు తుపాకులతో ఎవర్నీ పోనివ్వలేదట. హెలికాప్టర్లు తిరిగాయట, టార్పాలిన్లు కప్పిన లారీలు వెళ్ళాయట. ఆ కొండదారిలో నడపడం మా ఇద్దరికీ రాదు. ట్రక్కున్నది డెల్‌బర్ట్‌కి.

డెల్‌బర్ట్ ముప్పై ఏళ్ళు ఈ ఎడారి ఇళ్ళకి గ్యాసు ట్యాంకులు నింపి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ ఆకాశం చూడటమే అతని పని. మిద్దె మీద కుర్చీ, దుర్భిణి, చల్లటి బీరు పెట్టుకుని కూర్చుంటాడు. నల్లగా, మూడు మూలలుగా, చప్పుడు లేకుండా, చుక్కల్ని మూసుకుంటూ పోయేవి ఉన్నాయని, అవి మన లోకానివి కావని అతని నమ్మకం. ఊరంతా అతన్ని చూసి నవ్వుతుంది. మళ్ళీ తమకేదైనా కనిపిస్తే అతన్నే అడుగుతుంది. స్పెన్సర్ లోయ అనగానే తయారైపోయాడు. రాయిస్ వాటిల్లో ఒకదాన్ని తరుముతూ పోయి కొండకి కొట్టుకున్నాడని అతని లెక్క.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. మధ్యలో మార్లా కూర్చుంది. నేను కిటికీ పక్కన తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. డెల్‌బర్ట్ దారి పొడుగునా వేరే నక్షత్రాలవాళ్ళ గురించి చెప్తూనే ఉన్నాడు. మార్లా ముందు ఆ మాటలు ఆపమని మోచేత్తో సైగ చేశాను. అతనికి అర్థం కాలేదు.

"ఆర్డిస్, నువ్వు రేకులు కొట్టుకునే మనిషివి," అన్నాడు చివరికి. "ఆకాశం సంగతి నాకొదిలెయ్."

"రేకులు కొట్టేవాళ్ళు లేకపోతే నీ ఆకాశంలో ఏమీ ఎగరదు, డెల్‌బర్ట్."

మార్లా పెదవి కొంచెం కదిలింది. ఆ పదకొండు రోజుల్లో అదే మొదటిసారి అనుకుంటాను.

లోయలో ఎండుగడ్డి కాలిపోయి కొండ ఒక వైపంతా నల్లగా ఉంది. మేం వెళ్ళేసరికే రెండు కార్లు ఉన్నాయి. జ్ఞాపకానికని ముక్కలు ఏరుకునేవాళ్ళు వచ్చారు. ఏరుకోవడానికి చాలానే ఉన్నాయి. అరచేయంత రేకులు, తీగలు, ఒక చక్రం బిళ్ళ, మోకాలెత్తు రెక్క ముక్క ఒకటి. మార్లా దూరంగా ఆగిపోయింది. నేను ఆ రెక్క ముక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.

అది మా విమానమే. ఆ రివెట్ల వరస, ఆ ఎడం, లోపలి పసుపుపచ్చ పూత, ఇన్‌స్పెక్టరు కొట్టిన గుండ్రటి ముద్ర అన్నీ మావే. కాగితం నిజమే చెప్పినట్టుంది. ఈ మాట మార్లాకి ఎలా చెప్పడమా అని దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాను.

తర్వాత దాని అంచు మీద వేలు పెట్టాను. విమానం కూలితే రేకు చిరుగుతుంది. సాగి, మెలి తిరిగి, పళ్ళుపళ్ళుగా చిరుగుతుంది, చిరిగిన చోట కొత్త గిన్నెలా మెరుస్తుంది. ఈ అంచు తిన్నగా ఉంది. రంపంతో కోసింది. కోసిన చోట తెల్లటి పొడి పట్టి, మెరుపు చచ్చిపోయి ఉంది. ఆ పొడి పట్టడానికి ఏళ్ళు కావాలి. ముక్కని తిరగేశాను. కింద గడ్డి కాలి బూడిదై ఉంది గాని ముక్కకి మసి అంటలేదు. రెక్క లోపలి బోలులోకి కళ్ళు పెట్టి చూశాను. అక్కడ కందిరీగల గూడు ఉంది. మట్టితో కట్టిన మూడు గొట్టాలు పక్కపక్కన, ఎండి రాయిలా ఉన్నాయి. పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయిన రంధ్రాలు కూడా ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. ఆ పని చేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు. మోడల్ నంబరు ఆలోచించారు, ముద్రలు ఆలోచించారు, ఎడారిలో పాత విమానాలు నిలబెట్టే చోటికి వెళ్ళి సరైనది వెతికి కోసుకొచ్చారు. కానీ తెచ్చి పారబోసేవాడు రెక్క లోపలికి తొంగి చూడలేదు. ఎవడు చూస్తాడు? రివెట్లు కొట్టినవాళ్ళు తప్ప లోపలివైపు ఎవరూ చూడరు.

మార్లాని పిలిచాను. గూడు చూపించాను. ఒక గొట్టం విరిచి ఆమె చేతిలో పెట్టాను.

"పదకొండు రోజుల కిందట ఎగిరిన విమానం ఇది అంటున్నారు," అన్నాను. "కందిరీగ ఎగిరే రెక్కలో గూడు కట్టదు. కదలకుండా ఏళ్ళ తరబడి ఎండలో పడున్న రెక్కలో కడుతుంది. ఇది రాయిస్ విమానం కాదు తల్లీ. ఇది అతని కింద ఎప్పుడూ లేదు."

ఆమె ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. కానీ చేతిలో మట్టిని చూస్తూ తెల్లబోయింది.

"అయితే ఇదంతా తెచ్చి పోసిందే. అంటే రాయిస్ ఇక్కడ కూడా లేడన్నమాట. ఎక్కడో పోతే ఇక్కడ అని చెప్పారు. నాకు చోటు కూడా లేదు."

లేచి చుట్టూ చూశాను. నలభై ఏళ్ళుగా చోటు లేనిదాన్ని నేను, ఆ మాట విని ఊరుకోలేకపోయాను. నల్లటి కొండవాలు మీద పైకి నడిచాను. మోకాళ్ళు నొప్పి పెట్టాయి, పాములుంటాయేమో అని ప్రతి అడుగూ చూసుకుంటూ వేశాను. అందుకే అది నా కంట పడింది. ఒక చోట నా బూటు మడమ దాకా దిగబడింది.

అక్కడ నేల మెత్తగా ఉంది. రెండు ఇళ్ళ స్థలమంత మేర రాయి లేదు, వేరు లేదు, గడ్డి దుబ్బు లేదు. గుప్పెడు తీసి చూస్తే పిండిలా ఉంది. పక్కన గులకరాళ్ళు, వేళ్ళు, పుల్లలు వరసగా కుప్పలు పోసి ఉన్నాయి. జల్లెడ మీద మిగిలినవి ఎక్కడివక్కడ గుమ్మరించినట్టు. ఆ కొండని మోకాలి లోతు తవ్వి, తవ్విన మట్టినంతా జల్లించి, మళ్ళీ పరిచారు.

కిందికి కేకేశాను. మార్లా ఎక్కి వచ్చింది, వెనకాల ఆయాసపడుతూ డెల్‌బర్ట్ వచ్చాడు.

"చెప్పులు విప్పి నిలబడు," అన్నాను ఆమెతో. "ఆ కింద పడున్నది తెచ్చి పోసిన తుక్కు. ఈ నేల ఎక్కడినుంచీ తేలేదు. పాత విమానం కోసం ఎవరూ కొండని జల్లించరమ్మా. గోరంత ముక్క కూడా ఇంకొకరి చేతికి పోకూడదు అనుకుంటే జల్లిస్తారు. అతను పడింది ఇక్కడే. పడింది మాత్రం ఆ తుక్కులో కాదు."

"మరి దేంట్లో?"

"అది నేను చెప్పకూడదు. ఏది కాదో మాత్రం చెప్పగలను. నీకు అతను చెప్పిందీ, నేను చెప్తున్నదీ ఒకటే."

ఆమె చెప్పులు విప్పి ఆ మట్టిలో నిలబడింది. పాదాలు దిగబడ్డాయి. డెల్‌బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు హైవే పక్క హోటల్లో ఆగాం. నేను కాఫీ, డెల్‌బర్ట్ చెర్రీ పై అనే తీపి రొట్టె చెప్పాం. మార్లా మంచినీళ్ళు చాలంది. డెల్‌బర్ట్ లోయ దగ్గర్నుంచీ నోరు విప్పలేదు, అది అతని జీవితంలో లేని సంగతి. రొట్టె సగం తిన్నాక ట్రక్కులోకి వెళ్ళి ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. తన మాట నిజమేనని నాకు చూపించాలట. రెండేళ్ళుగా తను చూసిన ప్రతిదీ తేదీ, గంట, దిక్కుతో అందులో రాసుకున్నాడు.

నేను పేజీలు తిప్పాను. అక్షరాలు పెద్దవిగా, బడిపిల్లాడి రాతలా ఉన్నాయి. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. మళ్ళీ సోమవారం.

"శని, ఆదివారాలు ఎందుకు లేవు?" అన్నాను.

"రాలేదు కాబట్టి రాయలేదు."

"జూలై నాలుగో తేదీ కూడా ఖాళీగా ఉందే?"

"ఆ రోజు రాలేదు."

"థాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ వారం కూడా లేవు. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకి మన సెలవులంటే ఎంత భక్తో, డెల్‌బర్ట్."

అతను పళ్ళెంలో మిగిలిన రొట్టెని ఫోర్కుతో పొడిచాడు. మార్లా నా చేతిలోంచి నోటుపుస్తకం తీసుకుంది. ఆమె చదువుతున్నది తేదీలని కాదు, తన రెండేళ్ళని. ఫలానా వారం రాయిస్ గురువారమే వచ్చేశాడు, డెల్‌బర్ట్ పుస్తకంలో ఆ గురువారం లేదు. ఫలానా వారం సోమవారం బదులు మంగళవారం వెళ్ళాడు, పుస్తకం కూడా మంగళవారమే మొదలైంది. పైకి చదవలేదు గాని వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుతోంది. అవన్నీ రాయిస్‌వే కాకపోవచ్చు, అతనితో పాటు ఇంకా కొందరు ఉండి ఉంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ ఆమె మొగుడు ఇంట్లో లేని రాత్రులు ఆకాశంలో ఏదో ఉంది, అతను ఇంట్లో ఉన్న రాత్రులు ఏమీ లేదు.

చివరి పేజీకి వచ్చి ఆగింది. పదో తేదీ తర్వాత వరసగా తేదీలు రాసి ఎదురుగా 'లేదు' అని ఉంది. బుధవారం లేదు. గురువారం లేదు. మళ్ళీ సోమవారం లేదు, మంగళవారం లేదు. నిన్న శుక్రవారం దాకా ఒక్కటీ లేదు.

"ఎందుకో అలిగి వెళ్ళిపోయారనుకున్నాను," అన్నాడు డెల్‌బర్ట్ మెల్లగా.

"ఒక విమానం కూలితే, కారణం దొరికేదాకా అలాంటివన్నీ నేల మీదే ఉంచుతారు," అన్నాను. "ఇదేం రహస్యం కాదు. మా ఫ్యాక్టరీలో నేల ఊడ్చేవాణ్ణి అడిగినా చెప్తాడు. పదో తేదీన ఏది పడిందో, పదకొండు నుంచి అదే ఆగిపోయింది."

మార్లా పదో తేదీ మీద వేలు ఉంచి, అక్కడున్నది పైకి చదివింది. "మంగళవారం. ఒకటి. ఉత్తరం నుంచి పడమరకి. నిదానంగా, తిన్నగా పోయింది. చుక్కలు ఒక్కొక్కటే మూసుకుని మళ్ళీ తెరుచుకున్నాయి. భలే ఉంది."

'భలే ఉంది' అన్న చోట ఆమె ఆగి, పుస్తకం మీద తల పెట్టుకుని ఏడ్చింది. పక్క బల్లలవాళ్ళు చూశారు. చూడనిచ్చాను. ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఇది ఒకే రకం ఏడుపు అని నాకు నేను చెప్పుకున్నాను. మోసపోయినందుకు ఏడ్చే ఏడుపు అందులో లేదు.

డెల్‌బర్ట్ పళ్ళెం పక్కకి జరిపాడు. "అయితే నేను రెండేళ్ళుగా చూసింది ఆ కుర్రాణ్ణా?" అని నన్నడిగాడు.

"అతన్నీ, అతని తోటివాళ్ళనీ."

"ఒకట్రెండుసార్లు చెయ్యి ఊపాను," అన్నాడు.

సోమవారం పొద్దున మార్లా నన్ను తోడు కూర్చోమంది. వాళ్ళు షెడ్డులో నేను పెట్టిన పాత సంతకం సంగతి తవ్వి తీస్తారేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు, అయినా వెళ్ళాను. మేజర్ పేరు హాల్‌స్టెడ్. వయసు నలభై ఉంటుంది, చొక్కా చెమటకి తడిసింది. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో కాన్వాసు సంచీ ఉన్నాయి. సంచీ రాయిస్‌ది, అక్కడ అతని గదిలో ఉన్న సామాను. మార్లా కాఫీ ఇచ్చింది. ఆయన కాగితంలో ఉన్నదంతా మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. పాత ఫైటర్, మామూలు సాధన, కొండ. చదువుతున్నంతసేపూ ఆయన చూపు కాగితం మీదే ఉంది. చదవడం అయ్యాక, మీరు అడగాలనుకున్నవి అడగొచ్చు, చెప్పగలిగినంత చెప్తాను అన్నాడు. ఫైలులో ఇంకా నాలుగైదు కాగితాలున్నాయి. జవాబులు ముందే టైపు చేయించుకొచ్చాడని పైనుంచే తెలుస్తోంది.

"అడగడానికేం లేదు, మేజర్," అంది మార్లా.

ఆయన తలెత్తాడు. పెన్ను ఇవ్వడం మర్చిపోయాడు. ఆమే చెయ్యి చాచి తీసుకుని, చూపించిన చోట సంతకం పెట్టింది. పూర్తి పేరు, తొందర లేకుండా.

"నా మొగుడు నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు," అంది పెన్ను తిరిగి ఇస్తూ. "ఆ మాట మీ ఫైల్లో రాయక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు."

మేజర్ ఫైలు మూశాడు. ఎదుట ఉన్న మనిషికి ఏం తెలుసో, ఎంత తెలుసో కనుక్కోవడం ఆయన ఉద్యోగమే అయి ఉండాలి. నా వంక కూడా ఒకసారి చూశాడు. నేను కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాను.

"లేదు మేడమ్," అన్నాడు లేచి నిలబడి. "ఆడలేదు."

ఆయన కారు వెళ్ళేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి మార్లా సంచీ నేల మీద బోర్లించేసింది. రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, షేవింగు సామాను, సగం చదివిన పుస్తకం, మురికి మేజోళ్ళ ఉండ. వారం కిందట అయితే ఆ సంచీ తెరవడానికి ఆమెకి చెయ్యి వచ్చేది కాదు. ఇప్పుడు జేబులు కూడా వెతకలేదు. బట్టలన్నీ చంకన పెట్టుకుని వాషింగ్ మెషీన్ దగ్గరికి నడిచింది. కొంతమంది చొక్కాలు ఉతకకుండా దాచుకుంటారు, వాసన పోతుందని. అది చెప్దామనుకుని మానేశాను.

మేజోళ్ళు ఒక్కొక్కటే తీసి చూసింది. అన్నీ లోపలివైపు పైకి తిరిగి ఉన్నాయి.

"చూడండి ఆర్డిస్," అంది విసుగ్గా. "పెళ్ళయినప్పట్నుంచీ చెప్తున్నాను. ఒక్కటైనా సరిగ్గా విప్పడు."

అని ఒక్కొక్క మేజోడులోకి చెయ్యి పెట్టి, తిరగేసి, మెషీన్లో వేసింది.